భోగిపళ్లకు రేగిపళ్లు ఎక్కడ తేవాలి?

ప్రశ్న: మా పాపకు రెండేళ్లు. ఇంట్లోనే భోగిపళ్ల వేడుక చేయాలనుంది. ఇద్దరం ఉద్యోగులమే. హడావుడి లేకుండా ఎలా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: భోగి జనవరి 13నో 14నో వస్తుంది, చాలాసార్లు పనిరోజే. ఆ సాయంత్రం ఇంట్లోవాళ్లే నాలుగు పళ్లు పోసి హారతివ్వండి. చుట్టాలనూ స్నేహితులనూ ఆ తర్వాతి శనివారం పిలవండి. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కాబట్టి దూరపువాళ్లూ రాగలరు.

అసలు చిక్కు రేగిపళ్లతోనే. ఎండువి చైనా, కొరియా దుకాణాల్లో దొరుకుతాయి. నా ఓటు మాత్రం తాజా క్రాన్‌బెర్రీలకే. డిసెంబరులో కొని ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి నిలుస్తాయి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. కరిగాక మెత్తబడి పట్టుపావడా నిండా ఎర్రటి మరకలే. వాటిలో పూలరేకులు, నానిన శనగలు, చెరకు ముక్కలు, చిల్లర కలపండి.

ఒక్క జాగ్రత్త: ఈ వయసు పిల్లలకు ఇవన్నీ గొంతుకు అడ్డం పడేవే. పీట కింద పాత దుప్పటి పరచండి. హారతి అవగానే పాపను ఎత్తుకుని, నాలుగు కొసలూ కలిపి మూటగట్టేయండి.

వంట మీరు పెట్టుకోకండి. పులిహోర ఒకరికి, చక్కెరపొంగలి మరొకరికి అప్పగించండి. బొమ్మలకొలువుకు అట్టపెట్టెలు మూడు మెట్లుగా పేర్చి పట్టుచీర కప్పితే చాలు. కొలువులో డైనోసార్లున్నా ఎవరూ ఏమీ అనుకోరు.