‘చివరకు మిగిలేది’ – కానరాని తల్లి

కుటుంబ రహస్యం ఇతివృత్తంగా గల నవలలలో చివరి పుటలకు రాగానే ముడి వీడుతుంది. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’లో ఆ ముడి వీడనే వీడదు. ఈ నవల విశిష్టత అందులోనే ఉన్నది.

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916లో ఏలూరులో జన్మించారు. కొంతకాలం అనంతపురంలో ఆంగ్లోపన్యాసకులుగా ఉండి, పిదప ఆకాశవాణిలో పనిచేసి, 1967లో దివంగతులైనారు. ఈ నవల 1946-47 ప్రాంతంలో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వెలువడినది.

కథానాయకుడు దయానిధి వైద్యుడు. అతని తల్లి శీలాన్ని గురించి లోకం ఏదో అంటుంది. ఆమె చేసిన తప్పేమిటో, అసలు చేసినదో లేదో రచయిత తేల్చి చెప్పరు. ఆమె తన పక్షాన చెప్పుకొన్నది మనకు వినిపించదు. ఆమెను గురించి పదిమందీ అనుకొన్నదే వినిపిస్తుంది. తల్లి మరణించినా ఆ నింద మరణించలేదు. అమృతం ఆప్యాయతలో, కోమలి సౌందర్యంలో దయానిధి ఊరట వెదకుకొంటాడు. రాయలసీమకు తరలిపోయినా ఆ నీడ అతనిని విడువదు.

కోమలి సైతం తల్లి పేరును మోస్తున్నదే. కామాక్షి కూతురన్న ఒక్క కారణంతో లోకం ఆమెకు వెల కట్టినది. దయానిధికి చదువు, వృత్తి ఉన్నవి. ఆమెకు ఆ అండ కూడా లేదు.

ఉర్దూ సాహిత్యం చదివే మిత్రులకు ఇక్కడ మీర్జా హాదీ రుస్వా ‘ఉమ్రావ్ జాన్ అదా’ (1899) స్ఫురించక మానదు. బాల్యంలో అపహరింపబడి లక్నోలో అమ్ముడుపోయిన ఉమ్రావ్, ఏండ్ల తరువాత ఫైజాబాదులో తల్లిని కలుసుకొంటుంది. తల్లి హృదయం ఆమెను స్వీకరించినా, కుటుంబ గౌరవం ఇంట నిలువనీయలేదు. అక్కడ బిడ్డకు తల్లి దూరమైనది, ఇక్కడ తల్లి జ్ఞాపకమే కళంకితమైనది. రెండింటికీ మూలం పరువు పేరిట లోకమిచ్చిన తీర్పే.

నవలలో లోపాలు లేకపోలేదు. స్త్రీలందరినీ మనం దయానిధి కన్నులతోనే చూస్తాము. అతని అంతర్మథనం ఒక్కొక్కచోట కథాగమనాన్ని మందగింపజేస్తుంది. అయినను ఒక సత్యం స్పష్టం. దయానిధిని దహించినది తల్లి రహస్యం కాదు. లోకం తీర్పును అతడు తన తీర్పుగా చేసికొనడం. తనతో తాను సమాధానపడడమే చివరకు మిగిలేదని అతడు గ్రహిస్తాడు.

రాజుపాలెం వంటి ఊళ్లలో ఎవరి ఇంటి సంగతి ఎవరికీ తెలియనిది కాదు. రచ్చబండ వద్ద తేలికగా జారే ఒక్క మాట ఏ బిడ్డ బ్రతుకుపై బరువై కూర్చుంటుందో, విద్యార్థులమైన మనం ఒక్క క్షణం ఆలోచించుట మంచిది.