పాత ఇల్లు – కొత్త హాలు – ఆర్కిటెక్టు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేసి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. చేసినవాడికి నోట మాట వచ్చి ఉండదు!

మాది తాతగారి నాటి ఇల్లు. ఇటుక గోడలు, గానుగ సున్నం, టేకు దూలాల మీద మిద్దె. హాలు పెద్దది చెయ్యాలని నాన్నగారు ఒక మేస్త్రీని పిలిచారు. "మధ్య గోడ తీసేస్తే సరిపోద్దండీ" అన్నాడతను. దూలాల కింద రెండు వరుసల ఇటుక ఊడదీసేసరికి మిద్దెలో బారెడు పగులు కనిపించింది. ఆ రాత్రి సరుగుడు బాదులు పోటు పెట్టి, వసారాలో జాగారం చేశాం. ఆర్కిటెక్టు దగ్గరకు వెళ్ళింది ఆ తర్వాత. వెళ్ళవలసింది అంతకు ముందు.

ఇందులో తెలుసుకోవలసిన విషయమొకటి ఉంది. నేటి ఇళ్ళలో బరువును స్తంభాలు, బీములు మోస్తాయి. మధ్య గోడ చాలావరకు తెరవంటిదే. పాత ఇంట్లో గోడే స్తంభం. కప్పు బరువు దూలాల మీదుగా గోడకు, గోడ నుంచి పునాదికి దిగుతుంది. అటువంటి గోడ తీయాలంటే ముందు పోట్లు పెట్టి, బీము ఎక్కించాలి. అప్పుడు గోడ పొడవునా పరుచుకున్న బరువంతా బీము రెండు చివరలకు చేరుతుంది. గనుక ఆ చివరల కింద కాంక్రీటు దిమ్మెలు కావాలి, పునాది ఓర్చుకుంటుందో లేదో చూడాలి. ఈ లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుది. ఆయన్ని పిలవవలసిన సమయం ఆర్కిటెక్టుకు తెలుస్తుంది, మనకు తెలియదు.

ఆర్కిటెక్టు అంటే ఎవరు? 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆ పేరు పెట్టుకోవాలి. నమోదు కానివారు ప్లాన్లు గీయకూడదని కాదు; ఆ బిరుదు వాడుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి బోర్డు చూసి మురిసిపోక, నమోదు నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మా ఇంటికి వచ్చినావిడ రెండు రోజులు పెన్సిలు పట్టలేదు. టేపుతో గది గదీ కొలిపించారు. వానాకాలం చెమ్మ ఏ గోడకు వస్తుందని అడిగితే నాన్నగారు తడుముకున్నారు, అమ్మ టకటకా చెప్పింది! సున్నపు గోడలకు సిమెంటు పూత వద్దన్నారు. సున్నం లోపలి తేమను బయటికి పోనిస్తుంది. గట్టి సిమెంటు ఆ దారి మూసేస్తుంది, కొన్నాళ్ళకు పెచ్చులూడుతుంది. కెమిస్ట్రీ చెప్పే నాకు ఆ సంగతి ముందే తట్టకపోవడం సిగ్గుచేటే.

ఇక ఫీజు. ఖర్చులో ఇంత శాతమనడం వాడుక. మరమ్మతు పనిలో ఖర్చు పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది గనుక, మొత్తం ఒకేసారి మాట్లాడుకుని దశలవారీగా ఇవ్వడం మేలని నా ఉద్దేశ్యం. ఎన్నిసార్లు వచ్చి పని చూస్తారో కాగితం మీద రాసుకోవాలి. ఆర్కిటెక్టు రోజూ నిలబడి కాపలా కాయరు. కాంట్రాక్టరు కూడా తామేనంటే నేను ఒప్పుకోను. పని తప్పితే చెప్పేదెవరు?

మా మధ్య గోడ ఇప్పటికీ ఉంది. అందులో బీము కింద ఆరడుగుల వెడల్పున దారి తెరిచారు. హాలు అనుకున్నంత పెద్దది కాలేదని నాన్నగారికి ఇంకా కినుకే.