ఒక గ్లాసు నీళ్లు – నాలుగు శాస్త్రాలు

హాస్టల్లో చేరేటప్పుడు దరఖాస్తులో అందరం ఊరి పేరు రాస్తాం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వచ్చిన కొందరు తమ్ముళ్లకు ఆ పని కూడా అక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు, ఊరి నీళ్లు ఎలాంటివో పళ్లే చెబుతాయి. గార పళ్లని తోటి పిల్లలు నవ్వుతారు. పళ్లు తోముకోవడం లేదని పెద్దవాళ్లు కోప్పడతారు. ఎంత తోమినా పోని ఆ గార గురించి దాదాపు తొంభై ఏళ్ల కిందటే పరిశోధకులు రాశారని, రాసింది మన ప్రాంతం గురించేనని మనలో ఎంతమందికి తెలుసు?

పరిశోధన అనగానే అది ఏ హైదరాబాదులోనో, అమెరికాలోనో జరిగే వ్యవహారమని అనుకుంటాం. పైగా పదో తరగతి దాటగానే మనలో మనమే గోడలు కట్టుకుంటాం. ఎం.పి.సి. వాడికి ఎముకల సంగతి ఎందుకు, బై.పి.సి. వాడికి లెక్కలెందుకు అంటాం. ఈ వ్యాసం రాస్తున్న మేము కూడా తలో గ్రూపు చదివినవాళ్లమే. అందుకని అందరికీ పనికొచ్చే ఒకే ఒక్క సమస్యను తీసుకున్నాం. అది బోరు నీటిలోని ఫ్లోరైడ్. వైద్యం, జీవావరణ శాస్త్రం, గణితం, ఇంజినీరింగు ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ ఇది ఒంటరిగా లొంగలేదు.

వైద్యులు చూసింది

అప్పట్లో దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇవన్నీ ఒకచోటికి వచ్చాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. నెల్లూరు మెట్ట పల్లెల్లో ఈ జబ్బు మొదట కనబడింది మనుషుల్లో కాదు, ఎద్దుల్లో. కీళ్లు బిగుసుకుపోయి, నడవలేక, కాడికి పనికిరాకుండా పోతున్న ఎద్దుల్ని రైతులు గమనించారు. ఒక విధంగా తొలి పరిశీలకులు వాళ్లే. వాళ్ల పేర్లు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చిలో వ్యాసం ప్రచురించారు. అదే ఏడాది షార్ట్, సి.జి. పండిట్, నీటి పరీక్షల్లో నిపుణుడైన రాఘవాచారి నెల్లూరు జిల్లా గురించి విడిగా రాశారు. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ మీద తొలి పరిశోధనలు ఇవే. ఈ పేర్ల వెనకున్న వృత్తులు చూడండి. ఒకరు రోగిని చూసేవారు, ఒకరు ఎముకను ఫొటో తీసేవారు, ఒకరు నీటిని కొలిచేవారు. ముగ్గురూ ఒకచోట కూర్చోకపోతే, నడుం పట్టేసిన రైతుకూ అతని బావికీ ఉన్న సంబంధం బయటపడేది కాదు.

ఒంట్లో జరిగేది ఇది. ఎముకలోనూ, పంటి పైపొర అయిన పింగాణీలోనూ కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్ కలిసిన ఒక ఖనిజం ఉంటుంది. నీటితో లోపలికి వచ్చిన ఫ్లోరైడ్ అందులోని హైడ్రాక్సైడ్‌ను తోసి ఆ చోట కూర్చుంటుంది. కొద్ది పాళ్లలో ఇది పంటిని పుచ్చిపోకుండా కాపాడుతుంది. ఎక్కువైతే పన్ను లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, పింగాణీ సరిగా గట్టిపడదు. ముందు సుద్ద రంగు మచ్చలు, పోనుపోను గోధుమ రంగు గార వస్తాయి. అంటే గార పన్ను ఇవాళ్టి నీటి సంగతి చెప్పదు, చిన్నతనంలో తాగిన నీటి సంగతి చెబుతుంది. బ్రష్షుకూ దానికీ సంబంధం లేదు. ఈ ఒక్క మాట మన బడుల్లో అందరికీ తెలిస్తే ఎందరో పిల్లలకు అవమానం తప్పుతుంది.

ఎముక అలా కాదు. అది జీవితాంతం ఫ్లోరైడ్‌ను పోగు చేసుకుంటూనే ఉంటుంది. మెడ, నడుం బిగుస్తాయి. వెన్నుపూసల్ని కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడతాయి. ముదిరితే వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి. పళ్లు తెల్లగా ఉన్నాయని నిశ్చింతగా ఉండటానికి లేదు.

తర్వాతి ముచ్చట ఇంకా ఆసక్తికరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త విషయం రాశారు. ఆంధ్రప్రదేశ్‌లోని ఫ్లోరోసిస్ ఊళ్లలో కొందరు పిల్లలకు మోకాళ్లు లోపలికి తిరిగి ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు ఎప్పటినుంచో ఉన్నవే కదా, కాళ్లు ఇలా వంకరపోవడం ఇప్పుడే ఎందుకు మొదలైంది? వాళ్ల చూపు నాగార్జునసాగర్ మీదికి వెళ్లింది. జలాశయం వచ్చాక భూగర్భ జలమట్టం పైకి లేచి, నేలలో క్షారగుణం పెరిగి, జొన్నల్లోకి మాలిబ్డినం ఎక్కువగా చేరి, దానివల్ల ఒంట్లోని రాగి బయటికి పోతున్నదేమో అన్నది వారి ఊహ. ఊహతో ఆగలేదు. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్ల నుంచి, లేని ఊళ్ల నుంచి వరి, జొన్న, సజ్జ గింజలు తెచ్చి రాగి, మాలిబ్డినం, జింకు కొలిచారు. ఆ ఫలితాలు 1977లో అచ్చయ్యాయి. డ్యాము కట్టిన ఇంజినీరు పిల్లవాడి మోకాలి గురించి ఆలోచించి ఉండడు. మోకాలు చూసిన డాక్టరు మాత్రం డ్యాము దాకా వెళ్లవలసి వచ్చింది.

రాయి, నీరు, అడవి

మార్కాపురం రాయి అంటే పలక రాయి. మన తాతలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడివే. తూర్పుకు కనిగిరి వైపు పోతే రాయి మారుతుంది. అక్కడిది నల్లరాయి, గ్రానైటు జాతి. కనిగిరి గ్రానైటులో ఫ్లోరైట్ అనే ఖనిజం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడే. వాన నీరు పగుళ్లలోకి దిగి, రాయిని ఆనుకుని ఏళ్ల తరబడి నిలిచి, కొంచెం కొంచెం కరిగించుకుంటుంది. చెరువు నీటికి ఆ వ్యవధి లేదు. అందుకే బోరు లోతుకు పోయేకొద్దీ సాధారణంగా చిక్కు పెరుగుతుంది.

ఇక్కడే రసాయన శాస్త్రం ఒక లెక్క అందిస్తుంది. నీటిలో కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢతతో రెండుసార్లు గుణిస్తే వచ్చేది ఒక హద్దు దాటదు. కాల్షియం నాలుగో వంతుకు తగ్గితే ఫ్లోరైడ్ రెండింతలు కరగవచ్చన్నమాట. లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీటిలో ఫ్లోరైడ్ సుమారు 3 మిల్లీగ్రాముల దాకా నిలుస్తుంది. కాల్షియం 10కి పడిపోతే 6 దాకా పోవచ్చు. సబ్బు బాగా నురగొచ్చే, నోటికి మెత్తగా అనిపించే నీళ్లు మంచి నీళ్లని నమ్మడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూడండి. కాల్షియం తక్కువ కాబట్టే ఆ నీటికి ఆ మెత్తదనం వస్తుంది.

కంభం చెరువు సంగతి కూడా చెప్పుకోవాలి. విజయనగర కాలంలో రెండు కొండల మధ్య కట్ట వేసి గుండ్లకమ్మను ఆపారు. అక్కడ నిలిచేది వాన నీరు, పల్చటి నీరు. చెరువులు నిండిన ఏడు పక్క బావుల్లోకి ఆ నీరు ఊరి ఫ్లోరైడ్‌ను పలచన చేస్తుంది. నల్లమల అడవి నిలిస్తేనే వాగుల్లో ఆ నీరు.

లెక్కలు చెప్పేది

నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉండవచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు అంటుంది. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. మరి చలి దేశానికీ మార్కాపురం ఎండకూ ఒకటే అంకె సరిపోతుందా? 1957లో అమెరికాలో గలగన్, వెర్మిలియన్ అనే ఇద్దరు ఇదే ప్రశ్న వేసుకున్నారు. ఎండ పెరిగేకొద్దీ పిల్లలు ఎన్ని నీళ్లు ఎక్కువ తాగుతున్నారో కొలిచి ఒక సరళరేఖ గీశారు. పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటును ఫారన్‌హీట్‌లో తీసుకుని 0.0062తో గుణించి, 0.038 తీసివేయాలి. వచ్చిన దానితో 0.34ను భాగిస్తే ఆ ఊరికి తగిన ఫ్లోరైడ్ వస్తుంది. 50 డిగ్రీల చలి ఊరికి వేసి చూడండి, 1.25 వస్తుంది. 90 డిగ్రీలకు, అంటే మన లెక్కలో 32 సెల్సియస్‌కు, 0.65 వస్తుంది. అంటే సగానికి సగం. వాళ్ల పట్టిక 90 దగ్గరే ఆగిపోయింది. మన మే నెల దానికి చాలా పైన ఉంటుంది. కొలవని చోటికి గీతను సాగదీయకూడదన్నది లెక్కల క్రమశిక్షణ, కాబట్టి మేమూ అక్కడే ఆగుతున్నాం. ఏసీ గదులు వచ్చాక ఎండకూ తాగే నీటికీ ఉన్న లంకె సడలిందని అమెరికా వాళ్లు 2015లో దేశమంతటికీ 0.7 అనే ఒకే అంకె పెట్టుకున్నారు. మిరప చేలో కూలికి పోయే మన అమ్మలకు ఏసీ లేదు.

సగటు అనేది ఇంకో గొడవ. ఒక ఊళ్లో పది బోర్లు ఉన్నాయనుకోండి. తొమ్మిదింటిలో 1, ఒకదానిలో 5. సగటు 1.4. హద్దు లోపలే, ఊరు క్షేమం అని రాసేయవచ్చు. ఆ పదో బోరు మన వాడలోది అయితే? ఎన్ని నమూనాలు, ఎక్కడివి అన్న ప్రశ్న లేకుండా ఒట్టి సగటు చెప్పేవాళ్లను నమ్మకండి. నమూనాల నుంచి సత్యానికి ఎంత దగ్గరగా పోగలం, ఆ దగ్గరితనానికి హద్దు ఎక్కడ అన్నదాన్ని 1945లో నిరూపించినది మన తెలుగువాడే. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు.

మోతాదు లెక్క మనింటికి మరీ దగ్గర. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు అనుకుందాం. తాగడానికి క్యాను నీళ్లు కొంటున్నాం, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతోనే వండుతున్నాం. వంటలో ఒక మనిషి వంతుకు లీటరు పోతే 3 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినది చిక్కబడుతుంది కూడా. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 2.2 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా వైద్య శాస్త్ర సంస్థ 1997లో పెట్టింది. చిన్నపిల్లవాడు మనం తిన్నంత తినడు, నిజమే. అయినా ఇంటి దగ్గరున్న చిట్టి తమ్ముడికి ఆ హద్దు దాటడానికి ఎక్కువ దూరం లేదు.

కొండ కింద సొరంగం

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగు పరిశోధన సంస్థ వారు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి తయారుచేశారు. నల్లగొండ పద్ధతి అని దానికి మన ఊరి పేరే. చౌక, పనిముట్లు తక్కువ. రోజూ నీటిని బట్టి పటిక పాళ్లు సరిచూసే మనిషి కావాలి, అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ఆర్.ఓ. యంత్రం శుభ్రంగా తీస్తుంది కానీ చాలా నీటిని వదిలేస్తుంది, ఆ వదిలిన నీటిలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. నీళ్లే కరువైన చోట అది చిన్న విషయం కాదు.

అసలు నీటినే మార్చే ప్రయత్నం పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం దగ్గర కొల్లం వాగు నుంచి నల్లమల కింద దాదాపు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాలు తవ్వి, వరద నీరు 43.5 టి.ఎం.సి.లు ఇవతలికి తేవాలన్నది పథకం. 1996లో శంకుస్థాపన జరిగింది. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో పూర్తయ్యాయి. వ్యాసాలు 7 మీటర్లు, 9.2 మీటర్లు. వైశాల్యం సూత్రం వేసి చూడండి, రెండోది మొదటిదానికి సుమారు ఒకటిన్నర రెట్లకు పైనే, 1.73 రెట్లు వస్తుంది. సొరంగం తవ్వడం వేరు, కాలువలు సాగి నీరు బిందెలోకి రావడం వేరని చెప్పనక్కర్లేదు.

కొండ పైన ఉన్నది పులుల అడవి. ఆ అడవిలో ఏముందో మనకే పూర్తిగా తెలియదు. 1899లో గుత్తి రైల్వే స్టేషను దగ్గర దొరికిన ఒక నీలిరంగు పెద్ద సాలీడుకు శాస్త్రజ్ఞుడు పోకాక్ పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లు దాని జాడ లేదు. 2001లో అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. గిద్దలూరు తమ్ముళ్లు కట్టెలకు పోయే దారే అయివుండవచ్చు. 2008లో దాన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చారు.

మన గదుల్లోనే చేయదగిన పని

అమెరికా దంతవైద్యుడు డీన్ గారను అంచెలుగా విడగొట్టి అంకెలు ఇచ్చాడు. గార లేకపోతే 0, అనుమానంగా ఉంటే అర, అతి స్వల్పం 1, స్వల్పం 2, మధ్యస్థం 3, తీవ్రం 4. అందరి అంకెలు కూడి మందితో భాగించాలి. నలభై మందిలో 20 మందికి 0, 8 మందికి 1, 8 మందికి 2, నలుగురికి 3 అనుకుంటే మొత్తం 36, సగటు 0.9. డీన్ లెక్కలో 0.6 దాటితే ఊరు పట్టించుకోవలసిన విషయం. హాస్టల్ మొత్తానికి ఒకే సగటు వేస్తే గిద్దలూరు, కనిగిరి కలిసిపోయి పై బోర్ల కథే మళ్లీ జరుగుతుంది. అందుకని ఊరి వారీగా, పుట్టిన సంవత్సరం వారీగా వేయాలి. అప్పుడు ఏ ఊరి నీళ్లు ఏ ఏళ్లలో ఎలా ఉండేవో పళ్లే వరుసగా చెబుతాయి. కుళాయి వచ్చిన ఏడాది తర్వాత పుట్టినవాళ్ల అంకె తగ్గిందో లేదో తేలుతుంది.

అంచె నిర్ణయించేది పళ్ల డాక్టరు గాని, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు గాని అయితే మంచిది. ఒకే నోటిని ఇద్దరు విడివిడిగా చూసి అంకె వేయాలి, తేడా వస్తే రాసుకోవాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ బోరు నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి తేవాలి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. సీసా మీద ఊరు, వాడ, బోరు లోతు, తేదీ రాయాలి. వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి తెచ్చి గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి పరీక్షా కేంద్రంలో ఇవ్వాలి. పళ్ల పుస్తకంలో ఎవరి పేరూ రాయకూడదు, నంబరు చాలు. చూపించనన్న తమ్ముణ్ణి బలవంతం చేయకూడదు.