గేటు మీద పేరు, చేతిలో పట్టా

ఆ తండ్రి మొదట అడిగింది ఫీజు సంగతి కాదు. "సార్, హాస్టల్లో నమాజుకు వీలుంటుందా? ఆడపిల్లలకు విడిగా ఉంటుందా?" పక్కన కూతురు. ఇంటర్ ఎంపీసీ. ఎంతోసేపటికి మెల్లగా నోరు విప్పింది: "నాకు కంప్యూటర్స్ చదవాలనుంది."

విశ్వాసాన్ని బట్టి యూనివర్సిటీ చూసుకోవడంలో తప్పేం లేదు. నాలుగేళ్లు ఉండాల్సిన చోటు. కానీ దీన్ (మతం) మీకు చదువులోనే కావాలా, చుట్టూ వాతావరణంలో ఉంటే చాలా? చాలామంది ఇది తేల్చుకోకుండానే దరఖాస్తు పెట్టేస్తారు.

వాతావరణం చాలనుకుంటే మలేషియాలో అంతర్జాతీయ ఇస్లామిక్ విశ్వవిద్యాలయం (1983) ఉంది. ఇంజినీరింగ్ ఇంగ్లిషులోనే చెబుతారు. హాస్టల్‌ను అక్కడ మహల్లా అంటారు (పాతబస్తీ వాళ్లకు కొత్త మాటేం కాదు). అమ్మాయిలవి, అబ్బాయిలవి వేరువేరు. ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియా తీరు వేరు. పేరు చూసి పెద్ద మదర్సా అనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. 1920లో అలీగఢ్‌లో పుట్టిన ఆ సంస్థ 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ 1926 నుంచి 22 ఏళ్లు దాన్ని నడిపారు. అన్ని మతాల పిల్లలూ అక్కడ చదువుతారు.

చదువే దీన్ కావాలంటే మదీనాలోని ఇస్లామిక్ విశ్వవిద్యాలయం, కైరోలోని అల్ అజ్‌హర్ ఉన్నాయి. అంత దూరం ఎందుకనుకుంటే హైదరాబాద్‌లోనే 1876 నాటి జామియా నిజామియా. అయితే ఈ దారిలో పట్టా విలువ ముందే కనుక్కోవాలి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదర్సా చట్టాన్ని నిలబెడుతూనే, అక్కడి మదర్సా బోర్డు కామిల్, ఫాజిల్ డిగ్రీలివ్వడం యూజీసీ చట్టానికి విరుద్ధమని చెప్పింది. తీర్పు అక్కడిదే, కానీ 'గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం' అన్న ముక్క మన ఉద్యోగ నోటిఫికేషన్లలోనూ ఉంటుంది. మామూలు డిగ్రీ వైపు రావాలనుకునే మదర్సా పిల్లలకు ఓపెన్ స్కూల్‌లో పది, ఇంటర్ రాసుకునే వీలుంది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో వాళ్ల కోసమే 2013లో బ్రిడ్జి కోర్సు పెట్టారు.

"ఢిల్లీ జామియాలో కంప్యూటర్స్ ఉందా సార్?" అన్నాడా తండ్రి.

"ఉందండీ. బీటెక్‌కు జేఈఈ మెయిన్ ర్యాంకు చూస్తారు. అమ్మాయిల హాస్టళ్లు విడిగా ఉన్నాయి కానీ, సీటొచ్చిన ప్రతి ఒక్కరికీ గది దొరుకుతుందనుకోవద్దు."

ర్యాంకు ఎంతమ్మా అంటే ఫోన్ తీసి చూపించింది. తండ్రి కళ్లజోడు తుడుచుకుని ఆ ఫోన్ మీదికి వంగాడు.