చాక్లెట్: మిఠాయా? మందా?

ఆహారాన్ని పరీక్షించుటకు చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఎనిమిది అంశాలు చెప్పబడినవి. అవి ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగ నియమం, ఉపయోక్త. ప్రాచీన గ్రంథాలలో పేరు లేని పదార్థం ఎదురైనప్పుడు కూడా ఈ కొలబద్దతో దాని మంచిచెడ్డలు తేల్చుకొనవచ్చును. నల్ల చాక్లెట్ గుండెకు మేలని, మధుమేహానికి మందని ప్రచారం సాగుతున్న ఈ కాలంలో దానిని ఇట్లు పరీక్షించుట అవసరం.

ఏలూరు జిల్లా మెట్ట గ్రామాలలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడలో కోకో అంతరపంటగా పెరుగుతున్నది. అక్కడ ఒక రైతు తన తోటను ఆనుకొని నడుపుతున్న చిన్న చాక్లెట్ దుకాణానికి వెళ్ళి, గింజ నుండి బార్ వరకు జరిగే పనిని పరిశీలించాను.

ప్రకృతి, దేశం

కోకో అమెరికా ఖండపు చెట్టు. అందుచేత మన సంహితలలో దాని ప్రస్తావన లేదు. కాయలు మానుకు, పెద్ద కొమ్మలకు అంటిపెట్టుకొని కాస్తాయి. ఒక్కొక్క కాయలో తెల్లని తీపి గుజ్జు చుట్టిన 30, 40 గింజలు ఉంటాయి. పచ్చి గింజను కొరికి చూచాను. చేదు, వగరు తప్ప చాక్లెట్ వాసన లేశమైనా లేదు. ఎండిన గింజలో సుమారు సగం కొవ్వే. కాబట్టి రసంలో తిక్త కషాయాలు, గుణంలో గురువు, స్నిగ్ధం అని ఊహించవచ్చును.

కరణం

కరణమనగా సంస్కారం. సంస్కారం వలన ద్రవ్యానికి కొత్త గుణం కలుగుతుందనుటకు కోకో చక్కని ఉదాహరణ. గుజ్జుతో సహా గింజలను కొయ్యపెట్టెలలో పోసి, అరటి ఆకులు కప్పి, మధ్యమధ్య తిరగవేస్తూ 5, 6 రోజులు పులియబెడతారు. లోపలి వేడి 45 నుండి 50 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది. ఊదారంగు గింజ గోధుమరంగుకు తిరుగుతుంది. తరువాత తేమ సుమారు 7 శాతానికి దిగేవరకు ఎండబెట్టి, వేయించి, పొట్టు చెరిగి, పలుకును రుబ్బుతారు. మనం ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ వంటి రాతి యంత్రమే అక్కడ రెండు పగళ్ళు, రెండు రాత్రులు తిరుగుతుంది. నీటిచుక్క తగలదు. గింజలోని కొవ్వే కరిగి ముద్దను జారుగా చేస్తుంది.

అయితే పులియబెట్టుటలోను, వేయించుటలోను రుచి పుట్టినంతగా, రక్తనాళాలకు మేలుచేసే ఫ్లేవనాల్స్ కొంత తరిగిపోతాయి. క్షారంతో శుద్ధిచేసిన కోకో పొడిలో అవి మరింత తక్కువ.

సంయోగం

70 శాతం అని ముద్రించిన బార్‌లో మిగిలిన 30 శాతం దాదాపు పంచదారే. పాల చాక్లెట్‌లో సగం వరకు పంచదార ఉండవచ్చును. తెల్ల చాక్లెట్‌లో కోకో కొవ్వే గాని పలుకుపొడి ఉండదు. కోకో కొవ్వుకు బదులు చౌక నూనెకొవ్వులు కలిపిన రకాలు కూడా కలవు. కావున పొట్లం వెనుక చిన్న అక్షరాలు తప్పక చదువవలెను.

రాశి

2022లో వెలువడిన కాస్మోస్ అధ్యయనంలో 21 వేల మందికి పైగా పెద్దవయసు వారు పాల్గొన్నారు. వారిలో సగం మందికి రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ ఇచ్చారు. మొత్తం గుండెజబ్బుల ఘటనలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం తగ్గినట్లు కనిపించింది. అయితే అవి పంచదార లేని గుళికలు. ఆ ఫలితాన్ని చాక్లెట్‌కు అంటగట్టరాదు. ఆరోగ్యవంతునికి రోజుకు 10 గ్రాములు, అనగా ఒక చిన్న ముక్క చాలును.

కాలం, ఉపయోక్త

కోకోలో థియోబ్రోమిన్, కొద్దిగా కెఫీన్ కలవు. నిద్రపట్టని వారు సాయంత్రం తరువాత మానవలెను. ఆమ్లపిత్తం, పార్శ్వపునొప్పి గలవారు తమకు పడుతున్నదో లేదో గమనించుకొనవలెను. ఆక్సలేట్ రాళ్ళు ఏర్పడేవారు దూరంగా ఉండుట మేలు. రక్తహీనత గలవారు భోజనంతోను, ఇనుము మాత్రలతోను కలిపి తినరాదు. కుక్కలకు చాక్లెట్ విషం. వాటికి అందనీయరాదు.

నేను దుకాణంలో ఉండగా ఒక పెద్దాయన వచ్చి, "నాకు షుగర్ ఉంది బాబూ, ఇది తింటే తగ్గుతుందంటగా?" అని అడిగారు. "లేదండి, ఇందులోనూ పంచదార ఉందండి. మాత్రలు మాత్రం మానకండి. రుచి చూడాలంటే ఓ చిన్న ముక్క తినండి, చాలు" అన్నాడు ఆ రైతు. అమ్మకం పోతుందని తెలిసి కూడా నిజం చెప్పాడు. మధుమేహ రోగులందరూ ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

ఉపయోగ నియమం

ఇంట్లో వాడదలచినవారు పంచదార కలపని కోకో పొడి ఒక చెంచా, దాల్చినచెక్క పొడి చిటికెడు, గ్లాసు వేడిపాలలో కలిపి పగటిపూట త్రాగవచ్చును. తీపి కావలసినచో కొంచెం బెల్లం చాలును. మధుమేహం గలవారు బెల్లం కూడా వేసికొనరాదు. బార్ తినేటప్పుడు నమలక, నాలుకపై కరగనిచ్చినచో చేదు, వగరు, తీపి వరుసగా తెలుస్తాయి. కొద్దిపాటితోనే తృప్తి కలుగుతుంది.

చాక్లెట్ మందు కాదు. మితంగా తిన్నచో మంచి రుచిగల ఆహారం, మితిమీరినచో కేవలం పంచదార, కొవ్వు.