బయాప్సీ అయింది, చికిత్స ఎప్పుడు?

బయాప్సీకి ముక్క తీసిన రోజే రిపోర్టు రాదు. రొమ్ము క్యాన్సర్‌లోనైతే అదే ముక్కకు ఐహెచ్‌సీ అనే ఇంకో పరీక్ష కూడా చేస్తారు. ఏ మందు పనిచేస్తుందో అందులో తెలుస్తుంది. తర్వాత సర్జరీ, కీమో, రేడియేషన్ డాక్టర్లు కలిసి కూర్చుని ఏది ముందు చేయాలో నిర్ణయిస్తారు. దీన్ని ట్యూమర్ బోర్డు అంటారు. ఇంతవరకు పట్టే రోజులు వైద్యానికి అవసరమైనవే.

ఆ తర్వాత ఆసుపత్రివాళ్లు మీ కాగితాలు ఆన్‌లైన్‌లో ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పంపి ముందస్తు అనుమతి తీసుకోవాలి. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం ఉచితమే అయినా ఈ అనుమతి తప్పదు.

"ఇంకెన్ని రోజులు సార్?" అంటే "చూద్దాం అమ్మా" అనే వస్తుంది. ఇలా అడగండి: "మాది ఎక్కడ ఆగింది? రిపోర్టు దగ్గరా, బోర్డు దగ్గరా, అనుమతి దగ్గరా?" అనుమతి దగ్గరైతే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఒక్కోసారి కాగితం తక్కువైందని కేసు వెనక్కి వస్తుంది, మనకు ఆ సంగతే తెలియదు. ఆరోగ్యశ్రీ చికిత్సకు డబ్బు కట్టమంటే, కట్టకముందే 104కు ఫోన్ చేయండి.

ఇంటికి వెళ్తుంటే వార్డులో ఫోన్ నంబరు ఇవ్వండి, ఇంట్లో ఫోన్ ఎత్తేవాళ్లది. ఈలోగా రక్తం పోయినా, ఊపిరి ఆడకపోయినా ఇచ్చిన తేదీ దాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వచ్చేయండి.