రెండోసారి ఆడితేనే తేలిన ఆట



మన దర్శి ప్రాంతంలో ఆట అంటే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువ. అయినా ఈ సంచికకు మేము ఒక ఫుట్‌బాల్ ఆటను పాఠంగా ఎంచుకున్నాం. 1965-66 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ను ఓడించిన ఆట అది. ఒక పోటీ ఎలా తేలుతుందో, తేలిన తర్వాత ఏం జరుగుతుందో రెండూ అందులో ఉన్నాయి.

సంతోష్ ట్రోఫీ అంటే

ఇది రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ ఫుట్‌బాల్ పోటీ. 1941లో మొదలైంది. పేరులోని 'సంతోష్' ఆనందానికి సంబంధించింది కాదు. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఒక ఊరు. ఆ ఊరి జమీందారు మన్మథనాథ్ రాయ్ చౌధురి పేరు మీద ఈ కప్పు వెలిసింది. మొదటి కప్పు బెంగాల్‌దే. కలకత్తాలో పెద్ద క్లబ్బులు, డబ్బు, వేల సంఖ్యలో ప్రేక్షకులు ఉండేవారు. మిగిలిన రాష్ట్రాలకు బెంగాల్‌ను ఓడించడమే పెద్ద పరీక్ష.

1949-50 ఫైనల్లో హైదరాబాదు జట్టు కలకత్తాలో బెంగాల్‌తో ఆడి 5-0తో ఓడింది. మరుసటి ఏడు మళ్లీ అదే ఊరు, అదే ప్రత్యర్థి. ఈసారి 1-0. ఓటమి ఓటమే. కానీ తేడా ఐదు నుంచి ఒకటికి దిగింది. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే ఒక బడిపంతులు గురించి తెలుసుకోవాలి.

రహీం సాబ్

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. హైదరాబాదులో పాఠశాల ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా పనిచేశారు. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు ఆయన శిక్షణలోనే 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ సినిమా ఆయన కథే.

ఆయన పద్ధతి చూడండి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితో మాత్రమే తన్నాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారు. బంతిని తన దగ్గరే ఉంచుకుని తిప్పుతూ పోకూడదు, వెంటనే తోటివాడికి అందించాలని నియమం పెట్టి మరికొన్ని పోటీలు. మొదటిది బలహీనతకు మందు. రెండోది నేనొక్కణ్ణే అనే గుణానికి మందు. లెక్కలంటే భయపడి లెక్కల పుస్తకమే తెరవని మనకు ఆ ఎడమకాలి పోటీ బాగా అర్థమవుతుంది.

తేలని ఆట, తేల్చిన ఆట

రహీం సాబ్ 1963 జూన్ 11న క్యాన్సర్‌తో మరణించారు. ఆ తర్వాత మూడేళ్లలోపే కేరళలోని కొల్లంలో ఆంధ్రప్రదేశ్, బెంగాల్ ఫైనల్లో తలపడ్డాయి. జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ అయినా దాని బలం హైదరాబాదు మైదానాల నుంచి వచ్చిందే.

ఫైనల్ 1-1తో ముగిసింది. ఇప్పుడైతే పెనాల్టీ కిక్‌లతో అప్పటికప్పుడే తేల్చేస్తారు. ఆ పద్ధతి ప్రపంచ ఫుట్‌బాల్ నియమాల్లోకి 1970లో వచ్చింది. అప్పట్లో మరో రోజు ఆటంతా మొదటి నుంచి మళ్లీ ఆడాల్సిందే. అలసిన కాళ్లతో, తన ఎత్తులన్నీ తెలిసిపోయిన ప్రత్యర్థితో ఆడాలి. అలాంటి ఆటలో అదృష్టం కంటే అలవాటుకే ఎక్కువ పని. ఆ రెండో ఆటలో ఆంధ్రప్రదేశ్ 1-0తో గెలిచింది. పదిహేనేళ్ల క్రితం ఏ 1-0తో ఓడారో అదే అంకెతో గెలిచారు. చూడడానికి గురువు లేడు.

గెలిచాక జరిగింది

పాఠంలో కష్టమైన భాగం ఇదే. ఆంధ్రప్రదేశ్ మళ్లీ ఎప్పుడూ ఆ కప్పు గెలవలేదు. గెలిచిన జట్టులోని కుర్రవాడు మహమ్మద్ హబీబ్ 1966లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి, తర్వాత బెంగాల్ తరఫునే సంతోష్ ట్రోఫీ ఆడాడు. అంతకుముందు సికింద్రాబాదు పేద ఇంట పుట్టిన తులసీదాస్ బలరాం కూడా అదే దారిలో వెళ్లాడు. వాళ్లను తప్పుపట్టలేం. ఆట తిండి పెట్టే చోటికి ఆటగాడు పోతాడు. మన అన్నలు హైదరాబాదు, బెంగుళూరు పోయింది కూడా అందుకే. కానీ వెళ్లినవారి స్థానంలో కొత్తవారిని తయారుచేసే రహీం సాబ్ మళ్లీ దొరకలేదు. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాదులోనే జరిగింది. గెలిచింది బెంగాల్. అది వారికి 33వ కప్పు.

మరో దేశంలో ఇదే చిక్కు

ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ అనే ఆట ఉంది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తాలి, ఎదుటివాళ్లు పట్టి పడేస్తారు. కూత లేని కబడ్డీ అనుకోండి. క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు మంచి ఆటగాళ్లను న్యూ సౌత్ వేల్స్‌లోని సిడ్నీ క్లబ్బులు డబ్బిచ్చి తీసుకుపోయేవి. ఏ రాష్ట్రపు క్లబ్బులో ఉంటే ఆ రాష్ట్రానికే ఆడాలి. అందువల్ల క్వీన్స్‌లాండ్ తన పిల్లల చేతిలోనే ఓడేది.

1980లో నియమం మార్చారు. ఎక్కడ సంపాదించుకున్నా సరే, ఈ ఒక్క పోటీలో ఆట నేర్చిన సొంత రాష్ట్రానికే ఆడాలి. ఆ జూలై 8న బ్రిస్బేన్‌లో క్వీన్స్‌లాండ్ 20-10తో గెలిచింది. నాయకుడు ఆర్థర్ బీట్సన్. వయసు 35. ఆస్ట్రేలియా జాతీయ జట్టుకు నాయకత్వం వహించిన ఆదివాసీ. అంతకుముందు న్యూ సౌత్ వేల్స్‌కు ఆడినవాడే, సొంత రాష్ట్రం చొక్కా వేసుకుని ముందు నడిచాడు. 1982 నుంచి ఏటా మూడు ఆటలు. చెరొకటి గెలిస్తే మూడోది తేలుస్తుంది. 2025లో అలాంటి మూడో ఆటను క్వీన్స్‌లాండ్ సిడ్నీలోనే 24-12తో గెలిచింది.

మనకు పాఠం

ఒకటి, తేల్చే ఆట ఆ రోజు మొదలవదు. ఎడమకాలు సాధన చేసిన రోజే మొదలవుతుంది.

రెండు, మొదటిసారి తేలకపోతే అది ఓటమి కాదు. పదో తరగతి సప్లిమెంటరీ రాసే తమ్ముళ్లు కొల్లం ఆటను గుర్తుంచుకోవాలి.

మూడు, ఇది పెద్దవాళ్లకు. మాలో చాలామందిమి మా ఇళ్లలో మొట్టమొదట డిగ్రీ చేతబట్టినవాళ్లం. వెళ్లక తప్పదు, వెళ్లాలి కూడా. అయితే ఏడాదిలో కొన్ని ఆదివారాలు ఈ హాస్టలు తరఫున ఆడవచ్చు. ఒకరు లెక్కలు, ఒకరు ఇంగ్లీషు, ఒకరు ఉద్యోగ పరీక్షల దరఖాస్తులు. బీట్సన్ ముప్పై ఐదేళ్లకు వచ్చాడు. మాకు ఇరవై మూడే.

చర్చించండి

1. మీ 'ఎడమకాలు' ఏ సబ్జెక్టు? దానికి రోజుకు ఎంత సమయం ఇస్తున్నారు?

2. హబీబ్ కలకత్తా వెళ్లకుండా ఉండాలంటే హైదరాబాదులో ఏం ఉండాల్సింది?

3. మన హాస్టల్లో చదివి వెళ్లినవారిలో మీరు ఎవరిని, ఏ పాఠం చెప్పడానికి పిలుస్తారు? పేర్లు రాసి వార్డెన్ గారికి ఇవ్వండి. పిలుపు అందితే రావడానికి మేము సిద్ధం.